కప్పుకు కొలత నేర్పిన ఫానీ ఫార్మర్

మహనీయుల జీవితాలు రాయమంటే మన కాలేజీ సావనీరులో మేడం క్యూరీ, జగదీశ్ చంద్రబోసు, రామన్ గారు వరసగా వస్తూనే వుంటారు. రావలసిందే, కాదనను. నేను మాత్రం ఈ సంవత్సరం ఒక వంట టీచరు గురించి రాస్తున్నాను. బి.యస్సీ. ఆఖరి సంవత్సరం కెమిస్ట్రీ చదివే పిల్ల వంట గురించి రాయడమేమిటని మా బెంచీ వాళ్ళు అప్పుడే నవ్వారు. చదివాక కూడా నవ్వితే నాకేమీ అభ్యంతరం లేదు.

ఆమె పేరు ఫానీ మెరిట్ ఫార్మర్. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1857 మార్చి 23న పుట్టింది. ఇంగ్లీషులో ఫార్మర్ అంటే రైతు కదా, ఆ పేరు చూసి మనవాళ్ళే ననుకుని ముచ్చటపడ్డాను. తీరా చూస్తే ఆమె తండ్రి జాన్ ఫార్మర్ ప్రింటింగు పని చేసేవాడు. పేరులో తప్ప ఆ యింట్లో నాగలి లేదు. అయినా మా యింటి వ్యవసాయానికీ ఆమెకూ ఒక సంబంధం కలిసింది. అదెలాగో తరువాత చెబుతాను.

ముందు ఆమె దాకా నేను చేరిన దారి చెప్పాలి. మా పెదనాన్న గారి కోడలు అమెరికాలో వుంటుంది. ఒక వేసవిలో వచ్చినప్పుడు మా అమ్మకి ఒక ప్లాస్టిక్ కప్పుల గుత్తి యిచ్చి వెళ్ళింది. తాళాల గుత్తిలాగా రింగుకి నాలుగు కప్పులు. ఒక కప్పు, అర కప్పు, మూడో వంతు, పావు అని కాడల మీద రాసి వుంది. కేకు చేసే పద్ధతి కూడా కాగితం మీద రాసి యిచ్చింది. అందులో పాలు ఒకటిన్నర కప్పు. మా యింటికి వచ్చే పాల ప్యాకెట్టు మీద 500 మి.లీ. అని వుంటుంది. గేదె వట్టిపోయిన రోజుల్లో మేమూ ప్యాకెట్టు పాలే కొంటాం, రైతులమని చెప్పుకోవడమే గానీ. అర లీటరు ప్యాకెట్టులో ఎన్ని కప్పులుంటాయే, సైన్సు చదువుతున్నావుగా అని అమ్మ అడిగింది. నాకు తెలియదు. మూడేళ్ళుగా నార్మాలిటీలూ మొలారిటీలూ కడుతున్నదాన్ని, అమ్మ అడిగిన ఒక్క లెక్కకి నోరు తెరవలేకపోయాను.

వదిన కప్పుని సంచిలో వేసుకుని కాలేజీకి పట్టుకొచ్చాను. ల్యాబులో కప్పు నిండా నీళ్ళు పోసి కొలజాడీలోకి వంపితే రెండు వందల ముప్ఫై ఆరుకీ ముప్ఫై ఎనిమిదికీ మధ్య నిలిచింది. మూడుసార్లు చేశాను, అంతే. ఆ తరువాత మా వూరికి దగ్గర టౌనులో కొన్న స్టీలు కప్పు కొలిస్తే సరిగ్గా రెండు వందల యాభై వచ్చింది. రెండింటి మీదా ఒక కప్పు అనే వుంది. ఒకే పేరుతో రెండు కొలతలేమిటని వెతుక్కుంటూ పోతే ఫానీ ఫార్మర్ ఎదురయింది.

ఫార్మర్ దంపతులకి నలుగురూ ఆడపిల్లలే. ఫానీ పెద్దది. బోస్టన్ పక్కనే వున్న మెడ్‌ఫర్డ్‌లో పెరిగింది. చదువు విలువ తెలిసిన కుటుంబం, ఆడపిల్లలని కూడా కాలేజీకి పంపాలనే తలంపు వున్న యిల్లు. ఫానీకి పదహారో ఏట, హైస్కూల్లో వుండగా, హఠాత్తుగా పక్షవాతం వచ్చింది. అది పోలియో అయి వుంటుందని తరువాతి వాళ్ళు అన్నారు. ఏళ్ళ తరబడి నడవలేకపోయింది. డాక్టర్లు యిక చదువు మాట తలపెట్టవద్దన్నారు. కాలేజీ ఆశ అక్కడితో తెగిపోయింది.

పదహారంటే మనకి ఇంటర్ మొదటి సంవత్సరం. నాతో పదో తరగతి చదివిన ఆడపిల్లల్లో ఆ వయసుకే చదువు ఆగిపోయిన వాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. వాళ్ళకి ఏ జబ్బూ లేదు, కాళ్ళూ చేతులూ చక్కగా వున్నాయి. ఆ సంగతి ఇక్కడ పెంచను.

ఇంట్లో కదలకుండా కూర్చోవలసి వచ్చిన ఫానీ కాస్త కోలుకున్నాక వంటింట్లోకి దిగింది. తల్లి యింటిని భోజన వసతి యింటిగా మార్చారు, డబ్బు యిచ్చి వుండి తినేవాళ్ళు వచ్చేవారు. ఆ యింటి భోజనానికి మంచి పేరొచ్చింది. కాలు యీడ్చి నడవడం మాత్రం ఆమెకి జీవితాంతం పోలేదు. ముప్ఫైకి దగ్గర పడుతుండగా షా అనే వారి యింట్లో సాయంగా పనికి కుదిరింది. ఆ యింటి ఇల్లాలే ఆమె చేతి పనితనం చూసి, నువ్వు వంట బడిలో చేరమని పురమాయించింది. అలా 1887 ప్రాంతంలో, ముప్ఫై ఏళ్ళు నిండాక, ఫానీ మళ్ళీ విద్యార్థిని అయింది.

ఆ బడి పేరు బోస్టన్ కుకింగ్ స్కూలు. అక్కడి మహిళా విద్యా సంఘం వాళ్ళు 1879లో పెట్టారు. వంట నేర్చుకుని వంటలక్కగానో టీచరుగానో బతుకు వెళ్ళదీసుకోవాలనుకునే ఆడవాళ్ళ కోసం పెట్టిన బడి. మొదట నడిపిన మేరీ లింకన్ అనే ఆవిడ 1884లో ఒక పాకశాస్త్ర గ్రంథం కూడా రాసింది. వంట అంటే రుచి మాత్రమే కాదు, అందులో రసాయన శాస్త్రం వుంది, ఆరోగ్య శాస్త్రం వుంది అని ఆ బడిలో చెప్పేవారు. ఫానీ 1889లో కోర్సు ముగించింది. బడి వాళ్ళు ఆమెని వదలలేదు, సహాయకురాలిగా పెట్టుకున్నారు. కొద్ది ఏళ్ళలోనే ఆమె అదే బడికి ప్రిన్సిపాల్ అయింది. కాలేజీ గడప తొక్కలేకపోయిన మనిషి అయిదారేళ్ళలో ఒక విద్యాసంస్థకి పెద్ద కావడం చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇది అతిశయోక్తి కాదు.

ఇక కొలతల సంగతి. ఆ రోజుల్లో అమెరికా వంట పుస్తకాల్లో కోడిగుడ్డంత వెన్న, అక్రోటు కాయంత వెన్న, టీ కప్పుడు పిండి, వైను గ్లాసుడు పాలు, చిటికెడు ఉప్పు అని రాసేవారు. ఏ కోడి గుడ్డు? ఎవరింటి టీ కప్పు? అది రాసిన వాళ్ళకే ఎరుక. అంతకు ముందు వాళ్ళు అసలు కొలతలే చెప్పలేదని కాదు, కొందరు చెప్పారు. చెప్పిన వాళ్ళు కూడా చెంచాడు అంటే పోగుగా తీసినదా, కొంచెం ఉబ్బెత్తుగానా, సమంగానా అన్నది ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాశారు. పోగు చెంచాకీ సమ చెంచాకీ తేడా రెట్టింపు కూడా కావచ్చు. ఉప్పులో రెట్టింపు అంటే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

మా నాయనమ్మకి ఈ గొడవ లేదు. ఆమె చెయ్యే ఆమె కొలత. పులిహోరకి ఎంత చింతపండు నాయనమ్మా అంటే, కావలసినంత అంటుంది. ఆ కావలసినంత ఎంతో తెలియడానికి నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర కూర్చోవాలి. ఫానీ ఫార్మర్ ఎవరి కోసం ఆలోచించిందంటే, ఆ నలభై ఏళ్ళు చేతిలో లేనివాళ్ళ కోసం. పల్లె నుంచి పట్నం వచ్చిన కొత్త కోడలు, తల్లి లేని పిల్ల, పనిమనిషిని పెట్టుకోలేని గుమాస్తా భార్య. పక్కన కూర్చుని నేర్పే పెద్దదిక్కు లేని వాళ్ళకి పుస్తకమే పెద్దదిక్కు కావాలి. అలా కావాలంటే పుస్తకంలో అంకె వుండాలి, ఆ అంకె అన్ని యిళ్ళలో ఒకటే కావాలి.

ఆమెకి ఈ ఆలోచన షా గారి చిన్నపాప వల్ల వచ్చిందని ఒక కథ చెబుతారు. మార్సియా అనే ఆ పాప వంట నేర్చుకుంటూ, ఇంత అంటే ఎంత అని అడిగేదట, గుప్పెడు అంటే నీ గుప్పెడా నా గుప్పెడా అని నిలదీసేదట. కథలో ఎంత నిజమో గానీ, నాకు మాత్రం నమ్మబుద్ధవుతుంది. పిల్లలు అడిగే ప్రశ్నలు అలాగే వుంటాయి.

ఫానీ చెప్పిన పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. కొలత కప్పు అంటే అర పైంటు పట్టే కప్పు, లోపల పావులుగానూ మూడో వంతులుగానూ గీతలున్నది. పిండిని చెంచాతో కొంచెం కొంచెంగా కప్పులో పోయాలి. కప్పుని కుదపకూడదు, కుదిపితే పిండి కుంగి ఎక్కువ పడుతుంది. పైన కాస్త ఉబ్బుగా నిండాక కత్తితో గీసెయ్యాలి. అంచుకి సమానంగా మిగిలిందే కప్పు. చెంచా కూడా అంతే, ముంచి ఎత్తి గీసెయ్యాలి. అర చెంచా కావాలంటే చెంచా పొడవునా మధ్యకి కత్తితో చీల్చి సగం తీసెయ్యాలి. పావు కావాలంటే ఆ సగాన్ని అడ్డంగా చీల్చాలి. ఆ పావుని మళ్ళీ సగం చేస్తే ఎనిమిదో వంతు. అంతకంటే తక్కువైతే అప్పుడు మాత్రం కొన్ని రేణువులు అని వదిలేసింది. ద్రవమైతే కప్పు ఎంత పడితే అంత. సమ కొలతల తల్లి అని ఆమెకి బిరుదు వచ్చింది ఇందుకే.

మొదటి సంవత్సరంలో బ్యూరెట్ రీడింగు తీసేటప్పుడు నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. నీళ్ళు గాజు గొట్టంలో నెలవంకలా వంగి నిలబడతాయి. కంటిని సమంగా వుంచి నెలవంక అడుగు చూడాలి. నేను పైన నిలబడి అంచు చూసేదాన్ని. ప్రతిసారీ తేడా. మా లెక్చరర్ గారు నా తల పట్టుకుని కిందికి వంచి చూపించారు. ఎక్కడ చూడాలో తెలియనిదే అంకెకి అర్థం లేదు. ఫానీ కత్తి చేసిన పనీ, నా తల వంచిన ఆ చెయ్యి చేసిన పనీ ఒకటే.

1896లో ఆమె బోస్టన్ కుకింగ్ స్కూల్ కుక్‌బుక్ అచ్చయింది. లిటిల్ బ్రౌన్ అనే కంపెనీ వాళ్ళకి ఆ పుస్తకం అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. అచ్చు ఖర్చు నువ్వే పెట్టుకోమన్నారు. మూడువేల ప్రతులు మాత్రం వేశారు. ఖర్చు ఆమెదే కాబట్టి హక్కులూ ఆమె దగ్గరే వుండిపోయాయి, లాభమూ ఆమెకే వచ్చింది. కంపెనీ వాళ్ళు తరువాత ఎంత నాలిక కరుచుకున్నారో! ఆమె పోయేనాటికి మూడు లక్షల అరవై వేలకు పైగా ప్రతులు చెల్లాయి. ఆ తరువాత లెక్క నలభై లక్షల దాకా పోయింది.

ఆ పుస్తకం మొదటి అధ్యాయం వంటకంతో మొదలు కాదు. ఆహారం అంటే ఏమిటి, మాంసకృత్తులేవి, పిండి పదార్థాలేవి, కొవ్వులేవి, లవణాలేవి, నీరెంత అన్నది ముందు చెబుతుంది. నిప్పు ఎలా మండుతుందో, నీరు ఎప్పుడు మరుగుతుందో చెబుతుంది. ఆ తరువాతే రొట్టె. కొలతల పట్టిక కూడా వుంటుంది. వెన్న రెండు కప్పులు ఒక పౌను, చక్కెర రెండు కప్పులు ఒక పౌను, పిండి నాలుగు కప్పులైతేనే ఒక పౌను. సాంద్రత అనే మాట వాడకుండా సాంద్రత పాఠం చెప్పేసింది.

ఇప్పుడు అమ్మ అడిగిన లెక్కకి వస్తాను. అమెరికా వాళ్ళ కప్పు అర పైంటు, అంటే వాళ్ళ గ్యాలనులో పదహారో వంతు. వాళ్ళ గ్యాలను ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పాత వైను గ్యాలను, 1707లో ఆన్ రాణి కాలంలో స్థిరపరచినది, 231 ఘనపు అంగుళాలు. ఇంగ్లండు వాళ్ళు 1824 చట్టంతో పాతవి తీసేసి పెద్ద గ్యాలను పెట్టుకున్నారు. అమెరికా వాళ్ళు అప్పటికే విడిపోయారు, పాతదే వుంచుకున్నారు. ఒక ఘనపు అంగుళం 16.387 మి.లీ. కాబట్టి 231ని 16తో భాగించి దానితో హెచ్చిస్తే 236.6 మి.లీ. వస్తుంది. ల్యాబులో నాకు వచ్చింది అదే! ఇంగ్లండు వాళ్ళ అర పైంటైతే 284. ఆస్ట్రేలియా వాళ్ళు మెట్రిక్ పద్ధతికి మారాక కప్పుని 250కి సరిచేసుకున్నారు. జపానులో వంట కప్పు 200. అమెరికాలోనే ఆహార ప్యాకెట్ల మీద పోషకాల వివరం రాయడానికి 240 అని చట్టం. టౌనులో కొన్న మా స్టీలు కప్పు మెట్రిక్ కప్పన్నమాట.

కప్పుకి పదహారు పెద్ద చెంచాలు, పెద్ద చెంచాకి మూడు చిన్న చెంచాలు. పెద్ద చెంచా 14.8 మి.లీ., చిన్నది 4.9. వాడుకలో పదిహేను, అయిదు అనుకుంటే వంటకేమీ నష్టం లేదు. ఆస్ట్రేలియాలో మాత్రం పెద్ద చెంచా 20, అది గుర్తుంచుకోవాలి. ఇక అర లీటరు ప్యాకెట్టు అమెరికా కప్పుతో రెండు కప్పులు పోను ఇంకా 27 మి.లీ. మిగులుతుంది, అంటే రెండు పెద్ద చెంచాలకి రవ్వంత తక్కువ. లీటరైతే నాలుగు కప్పుల మీద మూడున్నర పెద్ద చెంచాల పైచిలుకు. 200 మి.లీ. అంటే ముప్పావు కప్పూ, ఒకటిన్నర పెద్ద చెంచా. స్టీలు కప్పుతో అయితే బాధే లేదు, అర లీటరుకి రెండు, లీటరుకి నాలుగు. అమ్మకి చెప్పాను. ఈ మాత్రానికి ఇన్నాళ్ళు పట్టిందా అంది.

ఒక హెచ్చరిక. ఈ లెక్కలు నీళ్ళకీ పాలకీ నూనెకీ సరిపోతాయి, ఎందుకంటే ద్రవం తనంతట తానే చదునవుతుంది. పిండికి మిల్లీలీటర్లు చెప్పి లాభం లేదు. అదే కప్పులో వదులుగా పోస్తే ఒక బరువు, నొక్కి పోస్తే ఒక బరువు. ఇక్కడ ఫానీ ఫార్మర్ మీద నాకొక చిన్న ఫిర్యాదు వుంది. కప్పుని ఆమె అంత చక్కగా దిద్దడం వల్లనే అమెరికా వంటిళ్ళు తూకం జోలికి పోలేదేమో అనిపిస్తుంది. ఐరోపాలో పిండిని గ్రాముల్లో తూస్తారు, అదే శాస్త్రీయం. మా కెమిస్ట్రీ వాళ్ళం ఘనపదార్థాన్ని కప్పుతో కొలవమంటే ఒప్పుకోం. అయితే 1896లో ఎంతమంది యిళ్ళలో మంచి త్రాసు వుందో కూడా ఆలోచించాలి. కప్పూ చెంచా కొన్నంత సులువుగా తక్కెడ కొనలేరు. పేదింట్లో కూడా వుండే వస్తువుని పట్టుకుని దానికే కచ్చితత్వం నేర్పింది. అందుకని నా ఫిర్యాదు సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మన దగ్గర కొలతలు లేవా అంటే, బోలెడు. రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, ఆపైన అడ్డ, కుంచం, తూము, పుట్టి. కుంచం దాకా రెండేసి చొప్పున ఎక్కే ఆ వరస గ్యాలను, పైంటు, కప్పు లెక్క కంటే చక్కగా వుంది. చిక్కు లెక్కలో లేదు, కొలిచే చేతిలో వుంది. మా నాయనమ్మ చెబుతుంది: ఆమె కాపరానికి వచ్చిన కొత్తల్లో మా తాతయ్య కౌలు చేసేవాడు. కళ్ళంలో ధాన్యం కుంచంతో కొలిచేవారు. మొదటి కుంచం పోసేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. ఆ లాభం ఎవరిదన్నది కుంచం తల మీద ఆధారపడి వుండేదట. కౌలు చెల్లించేటప్పుడు కుంచం మీద గోపురం నిలబడేలా పోయించుకునే వారు. అప్పు గింజలు యిచ్చేటప్పుడు చేత్తో తల కొట్టి చదును చేసేవారు. కుంచం ఒకటే, అంకె ఒకటే, ఏడాది చివర మా యింటి గాదెలో మాత్రం తేడా. ఇది విన్న తరువాత నాకు బోస్టన్ వంట టీచరు చేతిలోని కత్తి వంటింటి సామానులా కనపడలేదు. మన దేశంలో తూనికలు కొలతల చట్టం 1956లో వచ్చింది, 1958 నుంచి అంచెలంచెలుగా మెట్రిక్ పద్ధతి అమలయింది. లీటరుకి గోపురం వుండదు.

అయినా కథ అక్కడ ముగియలేదు. మొన్నటి సార్వాకి మా నారుమడికి మందు కొట్టవలసి వచ్చింది. సీసా మీద లీటరు నీటికి ఇన్ని మిల్లీలీటర్లని రాసి వుంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. మందు అమ్మిన అతను పంపుకి రెండు మూతలు పోయండి చాలన్నాడు. అంతకు ముందు ఏడాది కూడా నాన్న రెండు మూతలే పోశాడు, నారు పచ్చగా వచ్చింది. ఈసారి సీసా వేరు. మూత పెద్దది. ఎవరూ చూసుకోలేదు. నాలుగో రోజుకి నారు కొసలు ఎర్రబారాయి, వారానికి సగం మడి మాడింది. నేను సెలవుకి యింటికి వెళ్ళేసరికి నాన్న గట్టు మీద కూర్చుని వున్నాడు. ఏమీ మాట్లాడలేదు. పాత సీసా మూతా కొత్త సీసా మూతా రెండూ కడిగి, సూది తీసేసిన సిరంజితో నీళ్ళు పోసి కొలిచాను. పాతది పది మిల్లీలీటర్లు. కొత్తది ఇరవై రెండు. మళ్ళీ విత్తనం కొని చల్లాం. నాట్లు రెండు వారాలు వెనకపడ్డాయి. ఎవరింటి టీ కప్పు అన్న ప్రశ్న మా పొలంలో ఎవరూ అడగలేదు, నేను కూడా. ఆమెకీ మా వ్యవసాయానికీ కలిసిన సంబంధం ఇదే.

మళ్ళీ ఫానీ దగ్గరికి పోదాం. 1902లో ఆమె పాత బడి వదిలి సొంతంగా మిస్ ఫార్మర్స్ స్కూల్ ఆఫ్ కుకరీ పెట్టింది. అది టీచర్లను తయారు చేయడం కంటే మామూలు గృహిణులకీ నర్సులకీ నేర్పడం మీద దృష్టి పెట్టింది. ఆమె ఉపన్యాసాలకి జనం కిటకిటలాడే వారు, బోస్టన్ పత్రిక వాటిని అచ్చు వేసేది. చెల్లెలు కోరాతో కలిసి ఒక స్త్రీల మాసపత్రికలో సుమారు పదేళ్ళు వంట శీర్షిక నడిపింది.

ఇంత పేరు తెచ్చిన పుస్తకం కంటే తన అసలు పని వేరే వుందని ఆమె భావించింది. మంచాన పడ్డవాళ్ళకి ఏమి పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎలా పెడితే తినబుద్ధవుతుంది అన్నదే ఆ పని. తాను ఏళ్ళ తరబడి మంచం మీద వుండి ఎవరో తెచ్చిన పళ్ళెం కోసం ఎదురుచూసిన మనిషి కదా. 1904లో రోగులకూ కోలుకుంటున్న వాళ్ళకూ ఆహారం గురించి పుస్తకం రాసింది. అందులో మధుమేహం వాళ్ళ భోజనం గురించి కూడా వుంది. ఇన్సులిన్ కనుక్కున్నది 1921లో. అంతవరకూ ఆ జబ్బుకి తిండి అదుపు తప్ప వేరే ఆధారం లేదు. అలాంటప్పుడు ఒక చెంచా ఎక్కువో తక్కువో అన్నది రుచి విషయం కాదు. మధుమేహ వైద్యంలో తరువాత మహా పేరు పొందిన బోస్టన్ డాక్టరు ఇలియట్ జోస్లిన్ తన కృషికి ఆమె పుస్తకం ప్రేరణ అని చెప్పుకున్నాడు. హార్వర్డు వైద్య కళాశాలలో ఆమె పథ్యం గురించి ఉపన్యాసాలిచ్చింది. హైస్కూలు కూడా పూర్తి చెయ్యనీయని జబ్బు, చివరికి ఆమెని డాక్టర్లకి పాఠం చెప్పే చోట నిలబెట్టింది.

నిలబెట్టింది అని రాశాను గానీ, ఆఖరి ఏడేళ్ళలో ఆమె నిలబడలేదు. కాళ్ళు మళ్ళీ పడిపోయాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఉపన్యాసాలు యిచ్చింది. ఆఖరి ఉపన్యాసం యిచ్చిన పది రోజులకి, 1915 జనవరిలో, యాభై ఏడో ఏట కన్నుమూసింది. పెళ్ళి చేసుకోలేదు. కేంబ్రిడ్జిలోని మౌంట్ ఆబర్న్ శ్మశానంలో ఆమె సమాధి వుంది. బడిని ఆలిస్ బ్రాడ్లీ అనే ఆవిడ 1944 దాకా నడిపింది. పుస్తకాన్ని మొదట కోరా, ఆ తరువాత కోరా కోడలు విల్మా దిద్దుతూ వచ్చారు. 1979లో మేరియన్ కన్నింగ్‌హామ్ అనే ఆవిడ దాన్ని పూర్తిగా తిరగరాసింది. ఇంతమంది చేతులు మారినా కప్పు మాత్రం కప్పుగానే వుంది.

దసరా సెలవులకి యింటికి వెళ్ళినప్పుడు మందుల షాపులో దగ్గు మందు సీసాతో యిచ్చే గీతల మూత ఒకటి తీసుకెళ్ళాను. అయిదు, పది, పదిహేను అని గీతలుంటాయి. దానికి బెజ్జం పెట్టి పురికొసతో పంపు పట్టీకి కట్టాను. పురుగు మందుకి తప్ప ఇంక దేనికీ వాడొద్దని ఎర్ర రంగు పూశాను. నాన్న చూసి, దీనికి కూడా పరీక్ష పెడతారా మీ కాలేజీలో అన్నాడు. నాయనమ్మ మాత్రం వదిన తెచ్చిన కప్పు అడిగి తీసుకుంది. తన గిద్ద పక్కన పెట్టి రెండిట్లోనూ బియ్యం పోసి, రెండిటి తలా అరచేత్తో గీసి, చాలాసేపు చూస్తూ కూర్చుంది.